పిల్లల రక్తంలో ఫంగస్: మీ ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

ఆసుపత్రిలో ఉన్న పిల్లలకు వచ్చే ఇన్ఫెక్షన్ల గురించి అడగమన్నాక వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే మాట: "రక్తంలో ఫంగస్ పెరిగిందన్నారు, అంటే ఏంటండీ?" కొందరు ఐసీయూ బయట కుర్చీలో కూర్చునే ఫోన్‌లో టైప్ చేసి పంపారని చదువుతుంటేనే తెలిసిపోతోంది. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి మొత్తం దీనికే ఇచ్చేశాను. మీ బిడ్డను రోజూ చూస్తున్న డాక్టర్‌కి తెలిసినన్ని వివరాలు నాకు తెలియవు కాబట్టి, ఇది వాళ్లతో కూర్చుని మాట్లాడటానికి పనికొచ్చే సమాచారం అనుకోండి. దీన్ని చదివి మందు ఆపడం, మార్చమని పట్టుబట్టడం మాత్రం వద్దు.

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. పేగు మెలిపడితే ఆపరేషన్ చేసి కొంత పేగు తీసేశారు. ఐసీయూలో కోలుకుంటోంది అనుకుంటుండగా రెండో వారంలో మళ్లీ జ్వరం. బలమైన యాంటీబయాటిక్స్ నడుస్తూనే ఉన్నాయి. ఇప్పుడు బ్లడ్ కల్చర్‌లో (రక్తంలో సూక్ష్మజీవులు ఉంటే పెంచి చూసే పరీక్ష) ఈస్ట్ పెరిగింది, కాండిడా అంటున్నారు. అంత శుభ్రంగా ఉండే ఐసీయూలోకి ఫంగస్ ఎలా వచ్చింది? నేను రోజూ లోపలికి వెళ్లి పాపను ముట్టుకుంటున్నాను, నా చేతుల నుంచే వచ్చిందా? ఇంట్లో వాళ్లు అదే అంటున్నారు. (ఒక అమ్మ)

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. మీ చేతుల వల్లే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు, అలా అనకూడదు కూడా. పాప రక్తంలో పెరిగిన కాండిడా చాలావరకు పాప ఒంట్లో ముందునుంచీ ఉన్నదే అయ్యుంటుంది. ఈస్ట్ అంటే ఫంగస్‌లో ఒక రకం, కాండిడా అనే ఈ ఈస్ట్ మనలో చాలామంది నోట్లో, పేగుల్లో, చర్మం మీద ఏళ్ల తరబడి ఏ హానీ చేయకుండా బతుకుతుంది. పేగుల్లో ఉండే కోటానుకోట్ల బ్యాక్టీరియా దాన్ని పెరగనివ్వవు, పేగు గోడ దాన్ని దాటి రానివ్వదు, ఒకటీ అరా రక్తంలోకి జారినా తెల్లకణాలు పట్టుకుని మింగేస్తాయి. ఈ మూడూ సరిగ్గా ఉన్నంతకాలం దానితో మనకు పేచీ లేదు.

ఇప్పుడు మీ పాప సంగతి చూడండి. ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్ రాకుండా బలమైన యాంటీబయాటిక్స్ ఇచ్చారు, అవి ఇవ్వాల్సిందే, ఇవ్వకపోతే అసలు ప్రాణానికే ముప్పు. కానీ అవి చెడ్డ బ్యాక్టీరియాతో పాటు పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా ఊడ్చేస్తాయి, ఫంగస్‌ను మాత్రం ఏమీ చేయవు, దాంతో ఖాళీ అయిన చోటంతా కాండిడా ఆక్రమించుకుంటుంది. పైగా కోసి కుట్టిన పేగు. పొట్ట ఆపరేషన్ అయిన పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపించేది ఇందుకే. ఇక పాప నోటితో తినలేదు కాబట్టి మెడ దగ్గరో తొడ దగ్గరో పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ వేసి, అందులోంచి గ్లూకోజు, ప్రొటీన్లు, కొవ్వు కలిపిన ద్రవాన్ని ఆహారంగా ఎక్కించి ఉంటారు, దాన్నే టీపీఎన్ అంటారు. ఆ లైన్ చర్మం దాటుకుని నేరుగా గుండె దగ్గరి రక్తంలోకి వెళ్తుంది. చర్మం మీద ఉన్న ఈస్ట్‌కైనా, లైన్ మూత మీద చేరిన ఈస్ట్‌కైనా అంత దగ్గరి దారి మరొకటి లేదు.

కాండిడాలోనూ రకాలున్నాయి. అల్బికాన్స్ రకం, ట్రాపికాలిస్ రకం మామూలుగా మన పేగుల నుంచే వస్తాయి. పారాప్సిలోసిస్ అనే రకం మాత్రం చేతుల మీద, ప్లాస్టిక్ గొట్టాల మీద బాగా బతుకుతుంది, టీపీఎన్ ఎక్కే పిల్లల్లో, నెలల పసికందుల్లో తరచూ కనిపిస్తుంది. రిపోర్ట్‌లో ఏ రకం అని రాశారో అడిగి తెలుసుకోండి. అది అడిగితే తప్పుపట్టినట్టు ఎవరూ అనుకోరు. ఒకే ఐసీయూలో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకే రకం ఈస్ట్ వచ్చిందంటే మాత్రం అది ఒక బిడ్డ శరీరానికి సంబంధించిన సంగతి కాకపోవచ్చు. చేతుల శుభ్రత, లైన్లు వాడే పద్ధతి, మందులు కలిపే చోటు, అన్నీ ఆసుపత్రి వాళ్లు మళ్లీ చూసుకోవాలి. దాని గురించి అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది.

మీరు పాపను ముట్టుకోవడం మానకండి. లోపలికి వెళ్లేముందు, మంచం దగ్గర నుంచి లేచాక చేతులు శానిటైజర్‌తో బాగా రుద్దుకోండి, ఉంగరాలు, గాజులు తీసేయండి, లైన్‌ను, దాని మూతలను, మీద అంటించిన డ్రెసింగ్‌ను ముట్టుకోకండి, డ్రెసింగ్ అంచు లేచినా తడిసినా వెంటనే సిస్టర్‌ని పిలవండి. మీ వైపు నుంచి చేయాల్సింది అంతే. మూడేళ్ల బిడ్డ ఐసీయూలో కళ్లు తెరిచేసరికి అమ్మ చెయ్యి అందాలి, ఆ విషయంలో ఎవరు ఏమన్నా పట్టించుకోకండి.

ప్రశ్న: జ్వరం వచ్చిన రోజు తీసిన కల్చర్‌లో ఏమీ లేదన్నారు. రెండు రోజుల తర్వాత తీసిన దాంట్లో ఫంగస్ ఉందన్నారు. ల్యాబ్ వాళ్లది పొరపాటా? లేక రెండోసారి సూది గుచ్చినప్పుడు బయటి నుంచి కలిసిందా? ఇంకో ల్యాబ్‌లో చూపిద్దామా? (ఒక తండ్రి)

జవాబు: ఒళ్లంతా పాకే కాండిడా ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో కూడా బ్లడ్ కల్చర్ దాదాపు సగం మందిలో పట్టుకోలేకపోతుంది. ఈ జబ్బులో మమ్మల్ని అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఇదే. ఈస్ట్ రక్తంలో ఎప్పుడూ ఒకే లెక్కన తిరగదు, ఒక్కోసారి మరీ కొద్దిగా ఉంటుంది, దానికి తోడు చిన్న పిల్లల దగ్గర ఎక్కువ రక్తం తీయలేం, అరా ఒకటి మిల్లీలీటర్‌తోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. తీసిన ఆ కాస్త రక్తంలో ఈస్ట్ లేకపోతే సీసాలో ఏం పెరుగుతుంది?

ల్యాబ్‌లో ఏం జరుగుతుందో చెప్తాను, అప్పుడు మీకే అర్థమవుతుంది. రక్తం కలిపిన సీసాను ఒంటి వేడి ఉండే యంత్రంలో పెడతారు. లోపల ఏదైనా పెరుగుతుంటే అది వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని యంత్రం కనిపెట్టి మోగుతుంది. కాండిడా అయితే మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది, కొన్ని రకాలకు ఇంకా ఎక్కువే. మోగిన సీసాలోంచి ఒక చుక్క తీసి గాజుపలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు పెద్దగా, ఊదారంగులో కోలగా ఉండే కణాలు కనిపిస్తాయి, కొన్నిటి పక్కన చిన్న మొగ్గ పుట్టుకొస్తూ ఉంటుంది. అది చూశాక పొరబడటానికి ఆస్కారం లేదు. ల్యాబ్ నుంచి వెంటనే వార్డుకి ఫోన్ వస్తుంది, పూర్తి రిపోర్ట్ కోసం ఎవరూ ఆగరు.

చర్మం మీది బ్యాక్టీరియా కొన్ని పొరపాటున సీసాలో కలవడం ఉంది, వాటిని ఒక్కోసారి పట్టించుకోం. ఈస్ట్ విషయంలో ఆ వెసులుబాటు లేదు. రక్తంలో ఒక్కసారి, ఒక్క సీసాలో కనిపించినా నిజమని తీసుకుని మందు మొదలుపెట్టాల్సిందే. ఇంకో ల్యాబ్ అంటూ మందు ఆపించకండి, దీనిలో ఆలస్యమైనకొద్దీ ప్రాణాపాయం పెరుగుతుంది. మందు మొదలైన తర్వాత కూడా రోజూ లేదా రోజు విడిచి రోజు మళ్లీ కల్చర్లు తీస్తారు, మీ అనుమానానికి జవాబు వాటిలో దొరుకుతుంది.

ప్రశ్న: బాబుకి సెంట్రల్ లైన్ వేయడానికి డాక్టర్లు చాలా అవస్థ పడ్డారు, నరం దొరకలేదు. ఇప్పుడు ఫంగస్ వచ్చిందని ఆ లైన్ తీసేస్తామంటున్నారు. మందు ఎలాగూ ఇస్తున్నారు కదా, దానితో తగ్గదా? తీసేస్తే మళ్లీ వాడిని గుచ్చాలి. చూడలేకపోతున్నాం. (బాబు మేనమామ)

జవాబు: మీ బాధ నాకు తెలుసు, లైన్ కోసం చిన్న బిడ్డను పట్టుకుని గుచ్చుతుంటే చూసినవాళ్లెవరూ అది మళ్లీ కావాలనుకోరు. అయినా ఈ ఒక్క విషయంలో డాక్టర్ల మాట వినమని గట్టిగా చెప్తాను.

కాండిడా ప్లాస్టిక్ గొట్టానికి ఊరికే అంటుకుని ఊరుకోదు. నీళ్ల తొట్టి గోడకి పాచి పట్టినట్టు, గొట్టం లోపల జిగురుపొర అల్లుకుని దాని అడుగున కాపురం పెడుతుంది. రక్తంలో తిరిగే ఈస్ట్‌ని చంపే మందు మోతాదు ఆ పొర లోపల ఉన్నవాటికి సరిపోదు. ఫ్లూకొనజోల్ లాంటి మందు అక్కడ దాదాపు పనికిరాదు, కొత్త మందులు కొంత నయం, అయినా పూర్తిగా నమ్మలేం. పైనుంచి మందు పోస్తూ ఉంటే రక్తం శుభ్రమైనట్టే ఉంటుంది, ఆ పొరలోంచి మళ్లీ కొన్ని కణాలు ఊడి రక్తంలో పడతాయి, మళ్లీ జ్వరం, ఈలోగా అవి గుండె కవాటాల మీదో, మూత్రపిండాల్లోనో, కంటి వెనకో స్థిరపడిపోవచ్చు. లైన్ త్వరగా తీసేసిన పిల్లల రక్తం త్వరగా శుభ్రమవుతుంది.

మినహాయింపులు లేకపోలేదు. కీమో నడుస్తూ తెల్లకణాలు పూర్తిగా పడిపోయిన పిల్లల్లో ఈస్ట్ లైన్ నుంచి కాక, పుండ్లు పడిన పేగు నుంచి వచ్చి ఉండొచ్చు, అప్పుడు డాక్టర్లు ఆచితూచి నిర్ణయిస్తారు. లైన్ మీదే ప్రాణం నిలబడి ఉన్న బిడ్డ విషయంలోనూ అంతే. మీ బాబు అలాంటి పరిస్థితిలో లేకపోతే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: తీశాక కొద్ది రోజులు చేతికి వేసే మామూలు క్యానులాతో నెట్టుకురావచ్చా, కొత్త సెంట్రల్ లైన్ రక్తం శుభ్రమయ్యాక వేయొచ్చా, వేసేటప్పుడు అల్ట్రాసౌండ్ సాయంతో, నొప్పి తెలియకుండా మత్తు ఇచ్చి వేస్తారా అని. ఇవి అడగండి, చాలావరకు కుదురుతాయి.

ఇక్కడ నాకు బలంగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. ఫంగస్ రాకముందే అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది, దాన్ని ఐసీయూలో ఉన్న ప్రతి బిడ్డ తల్లిదండ్రులూ రోజూ రౌండ్స్‌లో అడిగితే ఎంతో బాగుంటుంది: "ఈ లైన్ ఈరోజు కూడా అవసరమేనా?" చాలా ఐసీయూల్లో ఇది డాక్టర్ల రోజువారీ చెక్‌లిస్ట్‌లోనే ఉంటుంది, కానీ రద్దీలో "రేపు చూద్దాం" అనుకోవడం జరుగుతుంది, ఆ రేపు నాలుగు రోజులు అవుతుంది. మీరు గుర్తుచేస్తే మంచి డాక్టర్ ఎవరూ చిరాకుపడరు. యాంటీబయాటిక్స్ గురించి కూడా అలాగే అడగొచ్చు: ఇంకా ఎన్ని రోజులు, కల్చర్ రిపోర్ట్ వచ్చింది కదా, తగ్గించే వీలుందా అని.

ప్రశ్న: మా బాబు నెలలు నిండకుండానే పుట్టాడు, 850 గ్రాములు. ఇన్ఫెక్షన్ ఏమీ లేదు అంటూనే వారానికి రెండుసార్లు ఫంగస్ మందు ఇస్తున్నారు. లేని జబ్బుకి మందు ఎందుకు? ఇంత చిన్న ప్రాణానికి ప్రమాదం కాదా? (ఎన్‌ఐసీయూ అంటే పసికందుల ఐసీయూ బయట ఎదురుచూస్తున్న నాన్న)

జవాబు: కిలో లోపు బరువుతో పుట్టిన పిల్లల చర్మం పలచటి పొర మాత్రమే, పేగు గోడ ఇంకా తయారవుతూ ఉంటుంది, తెల్లకణాలకు పోరాటం రాదు. పైగా లైన్, యాంటీబయాటిక్స్, టీపీఎన్ అన్నీ ఒకేసారి ఉంటాయి. వీళ్లకు కాండిడా రక్తంలోకి వస్తే అక్కడితో ఆగకుండా మెదడుకీ కిడ్నీలకీ వెళ్లే అవకాశం పెద్ద పిల్లల కంటే చాలా ఎక్కువ, బతికినా తర్వాత ఎదుగుదల మీద ప్రభావం పడొచ్చు. అందుకే, ఇలాంటి ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించే ఎన్‌ఐసీయూల్లో, కిలో లోపు పిల్లలకు ఫ్లూకొనజోల్ తక్కువ మోతాదులో వారానికి రెండుసార్లు, సుమారు ఆరు వారాల వరకు ముందుజాగ్రత్తగా ఇస్తారు. ఎన్నో ఏళ్లుగా పరీక్షించి చూసిన పద్ధతి ఇది, మోతాదు కిలోకి 3 నుంచి 6 మిల్లీగ్రాములు మాత్రమే. కేసులు చాలా తక్కువ ఉండే యూనిట్లలో ఇవ్వకపోవచ్చు, అది కూడా సరైనదే.

మీరు గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఇంత చిన్న పిల్లల్లో ఫంగస్ చాలావరకు జ్వరంగా బయటపడదు. శ్వాస మధ్యమధ్యలో ఆగడం, పాలు అరగకుండా పొట్ట ఉబ్బడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, కారణం లేకుండా షుగర్ పెరగడం, "ఇవాళ బాబు ఎందుకో నీరసంగా ఉన్నాడు" అని సిస్టర్ అనడం, ఇలా మొదలవుతుంది. ఒకవేళ రక్తంలో ఈస్ట్ పెరిగితే వెన్ను దగ్గర నీరు తీసి పరీక్షిస్తామని, పొట్ట స్కాన్ చేస్తామని, కళ్లు చూపిస్తామని అంటారు. వెన్నులో సూది అనగానే తల్లిదండ్రులు వెనకాడతారు. మెదడుకి చేరిందా లేదా తెలియకపోతే ఏ మందు, ఎన్నాళ్లు అన్నది తేలదు కాబట్టి ఒప్పుకోండి.

ప్రశ్న: నాకు ఒకసారి చర్మం మీద ఫంగస్ వస్తే మాత్రలు ఇచ్చారు, తగ్గిపోయింది. మా అమ్మాయికి మాత్రం రోజూ ఐవీలో ఇంజెక్షన్, ఒకటి ఇచ్చినప్పుడు ఒళ్లంతా వణికిపోయింది. దాన్ని మార్చి ఇంకోటి పెట్టారు. ఎందుకిన్ని మార్పులు? (ఒక అమ్మ)

జవాబు: వణికించింది యాంఫోటెరిసిన్ అయ్యుంటుంది. 1950ల నుంచి వాడుతున్న మందు, దాదాపు అన్ని రకాల ఫంగస్‌ల మీదా పనిచేస్తుంది, నవజాత శిశువుల్లో ఇప్పటికీ ముందు వరుసలో ఉంది, వాళ్లు దాన్ని బాగానే తట్టుకుంటారు. పెద్ద పిల్లల్లో మాత్రం ఎక్కుతుండగా చలి, జ్వరం వస్తాయి, కిడ్నీల మీద భారం పడుతుంది, పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి, అందుకే రోజూ రక్తపరీక్షలు. కొవ్వు బుడగల్లో నింపి చేసిన లైపోసోమల్ రకం వాడితే ఈ బాధలు బాగా తగ్గుతాయి.

మార్చి పెట్టింది మైకాఫంగినో కాస్పోఫంగినో అయ్యుండొచ్చు. రక్తంలో కాండిడా ఉన్న చాలామంది పిల్లల్లో మొదట వాడేది ఈ కుటుంబం మందులే, ఈస్ట్ చుట్టూ ఉండే గోడను కట్టనివ్వకుండా చేస్తాయి, మన కణాలకు ఆ గోడ ఉండదు కాబట్టి మనకు హాని తక్కువ. అయితే ఇవి మెదడులోకి, కంట్లోకి, మూత్రంలోకి సరిగ్గా చేరవు, ఇన్ఫెక్షన్ అక్కడ ఉంటే వేరే మందు కావాలి. మీకు పనిచేసిన మాత్ర బహుశా ఫ్లూకొనజోల్. అది చెడ్డ మందేమీ కాదు, రిపోర్ట్‌లో ఆ ఈస్ట్‌కి అది పనిచేస్తుందని తేలితే, బిడ్డ కుదుటపడ్డాక, రక్తం శుభ్రమయ్యాక దానికి మార్చి నోటి ద్వారా కూడా ఇవ్వొచ్చు. క్రూసీ అనే రకానికి పుట్టుకతోనే ఫ్లూకొనజోల్ పనిచేయదు, గ్లబ్రాటాలో చాలాసార్లు సరిగ్గా పనిచేయదు. ఈస్ట్ పేరు తెలియడానికో రోజు, ఏ మందు పనిచేస్తుందో తెలియడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది, అంతవరకు ఎక్కువ రకాలను చంపేదే ఇస్తారు. కాబట్టి మార్పులు కనిపిస్తే డాక్టర్లకు తోచక మారుస్తున్నారని అనుకోకండి, రిపోర్ట్ వచ్చినకొద్దీ మందు సరిచేస్తున్నారు.

ప్రశ్న: జ్వరం పోయి నాలుగు రోజులైంది, ఆడుకుంటున్నాడు. ఇంకా 14 రోజులు మందు అంటున్నారు. ఇంటికి ఎప్పుడు?

జవాబు: ఆ 14 రోజులు లెక్కపెట్టేది మందు మొదలైన రోజు నుంచి కాదు, రక్తంలో ఈస్ట్ లేదని వచ్చిన మొదటి కల్చర్ తీసిన రోజు నుంచి. అందుకే ఏ రోజు కల్చర్ శుభ్రంగా వచ్చిందో అడిగి రాసిపెట్టుకోండి. కన్ను, గుండె, కిడ్నీ, ఎముక లాంటి చోట్ల చేరి ఉంటే ఇంకా ఎక్కువ వారాలు. మొదటి వారంలోనే కంటి డాక్టర్ వచ్చి లోపల చూడాలి, చిన్నపిల్లలు కనపడటంలేదని చెప్పలేరు కదా. కల్చర్లు రోజుల తరబడి శుభ్రం కాకపోతే గుండెకు ఎకో కూడా చేస్తారు. నోటి మందుకి మారే వీలుంటే మిగతా రోజులు ఇంట్లోనే పూర్తిచేయొచ్చు, అడగండి. మధ్యలో మాత్రం ఆపకండి.

ప్రశ్న: పక్క మంచం మీది బిడ్డకు 'ఆరిస్' అని ఏదో వచ్చిందని వేరే గదికి మార్చారు, గౌన్లు వేసుకుని వెళ్తున్నారు. మా పాపకూ ఒంటి మీద దూదిపుల్లతో తుడిచి పరీక్షకు పంపారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంట్లో పెద్దావిడ, ఇంకో చిన్న బిడ్డ ఉన్నారు. (ఒక తండ్రి)

జవాబు: కాండిడా ఆరిస్‌ను మొదటిసారి గుర్తించి రాసింది 2009లో, జపాన్‌లో. తర్వాత కొద్ది ఏళ్లకే అనేక దేశాల ఆసుపత్రుల్లో కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో అన్నిటికంటే పై వరుసలో పెట్టిన నాలుగింటిలో ఇదొకటి. మిగతా కాండిడాల కంటే దీనితో రెండు చిక్కులు. ఫ్లూకొనజోల్ దీనిమీద చాలావరకు పనిచేయదు, ఒక్కోసారి మిగతా మందులూ పనిచేయవు. రెండోది, ఇది చర్మం మీద నెలల తరబడి ఉండిపోతుంది, మంచం కమ్మీల మీద, థర్మామీటర్ మీద, బీపీ పట్టీ మీద వారాల పాటు బతుకుతుంది, మామూలు క్లీనింగ్ ద్రావణాల్లో కొన్నిటికి చావదు, క్లోరిన్ లాంటివి వాడాలి. చేతుల మీద మాత్రం ఆల్కహాల్ శానిటైజర్‌కి చస్తుంది.

మీ పాపకు చేసిన పరీక్ష ఆ ఈస్ట్ చర్మం మీద చేరిందేమో చూడటానికి. అది ఉందని వచ్చినా రక్తంలో ఉన్నట్టు కాదు, చర్మం మీద ఊరికే ఉన్నప్పుడు మందు కూడా ఇవ్వరు. వేరే గదిలో పెట్టడం, పరికరాలు విడిగా వాడటం, లైన్ల విషయంలో మరింత జాగ్రత్త, ఇవి చేస్తారు. ఆ బిడ్డ తల్లిదండ్రులను మాత్రం దయచేసి వెలివేసినట్టు చూడకండి, వాళ్లు చేసిన తప్పేమీ లేదు. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దీనివల్ల జబ్బు రావడం చాలా అరుదు. చేతులు కడుక్కోండి, ఇంట్లో ఎవరికైనా లైన్లు, ఆపరేషన్ గాయాలు, కీమో లాంటివి ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పండి. తర్వాత ఎప్పుడు ఏ ఆసుపత్రిలో చేరినా "గతంలో ఆరిస్ ఉంది" అని చెప్పడం మర్చిపోకండి.

ప్రశ్న: మూడు నెలల బాబుకి నాలుక మీద తెల్లటి పూత ఉంది, ఫంగస్ అన్నారు. అది రక్తంలోకి వెళ్తుందా?

జవాబు: వెళ్లదు. ఆరోగ్యంగా ఉన్న, ఇంట్లో ఆడుకుంటున్న బాబుకి నోటిపూత మామూలే, నోట్లో వేసే చుక్కల మందుతో తగ్గుతుంది. భయపడకండి.

ప్రశ్న: నేను పిల్లల ఐసీయూలో నర్సుని. విరేచనాలు అవుతున్న బిడ్డకు ప్రోబయోటిక్ పొడి ఇస్తుంటాం. సెంట్రల్ లైన్ ఉన్న పిల్లలకు అది ఇవ్వకూడదని కొత్తగా వచ్చిన డాక్టర్ అన్నారు. మంచి చేసేది కదా, నిజమేనా?

జవాబు: నిజమే సిస్టర్, మీరు అడిగినందుకు చాలా సంతోషం, ఎందుకంటే ఇది చాలా వార్డుల్లో తెలియని విషయం. సాకరోమైసిస్ బౌలార్డీ అనే ప్రోబయోటిక్ బ్యాక్టీరియా కాదు, అదే ఒక ఈస్ట్. మామూలు పిల్లలకు ఏ ఇబ్బందీ ఉండదు. సెంట్రల్ లైన్ ఉన్నవాళ్లలో, బాగా జబ్బుగా ఉన్నవాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఇదే రక్తంలో పెరిగిన కేసులున్నాయి. మందు తీసుకోని రోగికి కూడా, పక్క మంచం దగ్గర ప్యాకెట్ విప్పినప్పుడు గాల్లోకి లేచిన పొడి, చేతులకు అంటిన పొడి లైన్ మూతల మీదకు చేరి వచ్చిన సందర్భాలున్నాయి. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2017 చివర్లో దీన్ని పరిశీలించి ఇలాంటి రోగులకు వాడొద్దని చెప్పింది. ఇవ్వాల్సిన బిడ్డకైనా ప్యాకెట్ వార్డులో మంచం పక్కన విప్పకండి, గ్లవ్స్ వేసుకుని వేరే చోట కలిపి, గ్లవ్స్ తీసి పారేసి, చేతులు కడుక్కున్నాకే లైన్ దగ్గరకు వెళ్లండి.

పనిలో పనిగా ఇంకోటి. లైన్ మూతను ప్రతిసారీ ఆల్కహాల్ ప్యాడ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనిచ్చి, తర్వాతే సిరంజి పెట్టడం. రాత్రి షిఫ్ట్‌లో ఇద్దరే సిస్టర్లు ఉండి పన్నెండు పంపులు మోగుతుంటే 15 సెకన్లు ఎంత పెద్దవో నాకు తెలుసు. ఎవరి చేతుల్లో ఆ 15 సెకన్లు ఉన్నాయో వాళ్లకు తగినంత మంది తోడు ఇవ్వడం ఆసుపత్రి బాధ్యత, మీటింగ్‌లో ఈ మాట గట్టిగా అడగండి. కొవ్వు ద్రావణం ఎక్కుతున్న పసిపిల్లల్లో జ్వరం ఉండి కల్చర్‌లో ఏమీ పెరగకపోతే మలాసీజియా అనే ఈస్ట్ గురించి ల్యాబ్‌కి ముందే చెప్పండి, అది కొవ్వు ఉంటేనే సరిగ్గా పెరుగుతుంది, వాళ్లు దానికి తగ్గట్టు నూనె కలిపి చూస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి లుకేమియాకి కీమో తీసుకుంటూ ఫంగస్ వచ్చి చనిపోయాడు. ఆ రోజు ఉదయం కొంచెం డల్‌గా ఉన్నాడని నాకు అనిపించింది, సాయంత్రం వరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే బతికేవాడా? (పేరు రాయవద్దన్న ఒక తల్లి)

జవాబు: తల్లీ, వార్డులో ఉన్న బిడ్డను పూటపూటకీ చూసేది మీరొక్కరే కాదు, డాక్టర్లు, నర్సులు కూడా చూస్తూనే ఉన్నారు. కీమో నడుస్తున్న పిల్లలు సగం రోజులు డల్‌గానే ఉంటారు. తెల్లకణాలు లేని సమయంలో ఈస్ట్ రక్తంలోకి రావడం అనేది మీకు అనిపించిన ఆ ఉదయం మొదలైంది కాదు, అప్పటికే లోపల జరుగుతూ ఉండి ఉంటుంది, మొదటి కల్చర్లు కూడా చాలామందిలో పట్టుకోలేవని పైన రాశాను. మీ బాబు కేస్‌షీట్ నేను చూడలేదు కాబట్టి ఉత్తుత్తి ఓదార్పు చెప్పను, కానీ ఆ కొద్ది గంటల వల్లే పోయాడన్న మాట మీ మనసు చెప్తున్నది, వైద్యం చెప్తున్నది కాదు. బాబును చూసిన డాక్టర్ దగ్గరకు ఒకసారి వెళ్లి కూర్చోండి, ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమనండి. చాలామంది తల్లిదండ్రులు వెళ్లరు, డాక్టర్లు పిలవరు, ఇద్దరికీ అవసరమైన మాట అది. ఒక్కరే వెళ్లకండి, తోడు ఎవరినైనా తీసుకెళ్లండి.

ప్రశ్న: ఛాతీలో చర్మం కింద అమర్చిన పోర్ట్‌తోనే (మందు ఎక్కించే లైన్) పాపను డిశ్చార్జి చేస్తున్నారు. ఇంట్లో దేనికి భయపడాలి? (ఒక అమ్మానాన్న)

జవాబు: జ్వరానికి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, లేదా పోర్ట్‌లోకి మందు ఎక్కించిన కొద్దిసేపటికి చలి, వణుకు వస్తే, పగలా రాత్రా అని చూడకుండా బయలుదేరండి. జ్వరం మందు వేసి తగ్గిందని ఇంట్లో ఆగకండి. పోర్ట్ ఉందని, గతంలో ఫంగస్ వచ్చిందని అక్కడ కనిపించిన మొదటి డాక్టర్‌కే చెప్పండి, యాంటీబయాటిక్ ఇచ్చేముందు పోర్ట్ నుంచి ఒకటి, చేతి నుంచి ఒకటి బ్లడ్ కల్చర్ తీయమనండి. డిశ్చార్జి కాగితంలో ఈస్ట్ పేరు, వాడిన మందు పేరు, ఎన్ని రోజులు వాడారు అన్నది రాయించుకుని ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.